మల్కిభరాముని గుంబదం నీడలో

నవంబరు 9వ తేదీ ఉర్దూ దినోత్సవం. 1877లో అదే తేదీన సియాల్‌కోట్‌లో జన్మించిన అల్లామా ఇక్బాల్ స్మృత్యర్థం మన దేశంలోని ఉర్దూ భాషాభిమానులు ఆ రోజును జరుపుకొంటారు. సభలు, ముషాయిరాలు, బాలబాలికలకు పద్యపఠన పోటీలు ఏర్పాటు చేస్తారు. తెలుగే ఇంటి భాషగా ఉన్న మన కుటుంబాలలో ఈ దినానికి అంత ప్రాచుర్యం లేదు. కోస్తా పల్లెల్లోనైతే ఆ తేదీ వచ్చిపోయిన సంగతే తెలియదు. అయితే ఇక్బాల్‌కు మన నేలతో ఉన్న బంధం చిన్నది కాదు. 1910 మార్చిలో ఆయన హైదరాబాదు వచ్చినప్పుడు, నిజాం ప్రభుత్వంలో ఉన్నతోద్యోగిగా ఉన్న అక్బర్ హైదరీ ఒక రాత్రి ఆయనను గోల్కొండ కోట సమీపంలోని కుతుబ్‌షాహీల సమాధుల వద్దకు తీసుకువెళ్లారు. పలుచని మబ్బు, మబ్బు చాటున వెన్నెల, చుట్టూ నిశ్శబ్దం. ఆ రాత్రి ఆయన మనసులో కలిగించిన కదలికే 'గోరిస్తానే షాహీ' అనే దీర్ఘ కవితగా వెలువడింది. రాజుల ఖబరస్తాన్ అని ఆ పేరుకు అర్థం. 1924లో వెలువడిన 'బాంగే దరా' సంపుటిలో అది చేరింది.

ఇక్బాల్ రాజకీయాభిప్రాయాల విషయంలో ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. ఆ చర్చకు ఇది చోటు కాదు. ఆయన కవితను ఆ కవిత పుట్టిన చోటే విద్యార్థులకు చదివి వినిపించాలన్న కోరిక మాత్రం నాకు చాలా ఏళ్లుగా ఉంది. గత నవంబరులో మా మద్రసా పెద్ద తరగతుల నుండి తొమ్మిది మంది విద్యార్థులను వెంటబెట్టుకొని రాత్రి రైలెక్కాను. ఉదయం నగరంలో ఉర్దూ దినోత్సవ సభ, మధ్యాహ్నం సమాధుల సందర్శన, రాత్రికి తిరుగు ప్రయాణం అని నిర్ణయించుకొన్నాము.

ఆ తొమ్మిది మందిలో ఒకరి గురించి ముందుగా చెప్పాలి. అతడు దూదేకుల కుటుంబం నుండి వచ్చినవాడు. ఇంట్లో తాత ముత్తాతల నుండి తెలుగే మాట్లాడతారు. మద్రసాలో చేరిన తరువాతే ఉర్దూ నేర్చుకొన్నాడు. చదువులో చురుకైనవాడు. అరబీ వ్యాకరణంలో అతనికి సాటివచ్చేవారు ఆ తరగతిలో లేరు. రెండు నెలల క్రితం వసతిగృహంలో ఏదో చిన్న తగాదా వచ్చి, ఉర్దూ ఇంటి భాషగా గల మరో విద్యార్థి అతడిని 'పింజారీ' అన్నాడు. దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టి నిజాయితీగా పొట్టపోసుకొన్న శ్రమజీవుల వృత్తినామం అది. తెలుగునాట దానిని తిట్టుగా మార్చారు. ముస్లిముల నోట కూడా ఆ మాట తిట్టుగానే వెలువడడం మనమందరం సిగ్గుపడవలసిన విషయం. ఆ రోజు నుండి ఈ పిల్లవాడు ఇంటికి వెళ్లిపోతానని పట్టుబట్టాడు. వారి అమ్మగారితో ఫోనులో మాట్లాడి, ప్రయాణం ముగిసేదాకా ఆగమని నచ్చజెప్పాను. అన్నవాడిని విడిగా పిలిచి చెప్పవలసింది చెప్పాను. ఇద్దరినీ ఈ ప్రయాణానికి ఎంపిక చేశాను.

తగాదా పరిష్కారంలో భాగంగా అతని సామాను పక్కన కూర్చొని మాట్లాడుతుండగా ఒక నోటుపుస్తకం నా కంటబడింది. అందులో తెలుగు కవితలున్నాయి. ఎవరికీ చూపలేదట. అనుమతి అడిగి చదివాను. ఒక కవిత అతని తాతగారి గురించి. చలికాలం తెల్లవారుజామున ఆయన దూదేకే విల్లు చేసే శబ్దం, గడ్డం మీద వాలిన దూది పింజలు, ప్రతి పనికీ ముందు బిస్మిల్లాహ్ అనే ఆ నోరు, యంత్రాలు వచ్చాక గోడకు వేలాడిన ఆ విల్లు. కొన్ని పాదాలు కుదరలేదు కాని, చదివాక ఆ వృద్ధుడు కళ్లెదుట నిలిచాడు. దానిని సభలో చదివించాలని నేను సంకల్పించాను.

సభామందిరం నిండుగా ఉంది. ఖుర్ఆన్ పారాయణంతో కార్యక్రమం ఆరంభమైంది. చిన్న పిల్లలు ఇక్బాల్ 'బచ్చే కీ దుఆ' ఆలపించారు. దేశంలో ఎన్నో మద్రసాలలో, పాఠశాలల్లో ఉదయపు సమావేశం దానితోనే మొదలవుతుంది. మా దగ్గరా అంతే. అయితే మా దగ్గర దాని భావాన్ని తెలుగులో వివరించడం కూడా ఒక పాఠం. పెదవులు కదిలిస్తూ ఏళ్ల తరబడి అర్థం తెలియకుండా పాడేవారిని చూశాక ఆ ఏర్పాటు చేసుకొన్నాము.

తరువాత బైత్‌బాజీ జరిగింది. తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒక జట్టు చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిస్తే ఎదుటి జట్టు ఆ అక్షరంతో మొదలయ్యే షేర్ చదవాలి. మన అంత్యాక్షరి వంటిదే. కాని ఇందులో ఒక చిక్కుంది. ఉర్దూ వాక్యాలు ఎక్కువగా 'హై', 'థీ', 'గయీ' వంటి మాటలతో ముగుస్తాయి. ఆ మాటలన్నిటి చివరి అక్షరం 'యే'. కనుక అనుభవజ్ఞులు 'యే'తో మొదలయ్యే షేర్లను డజన్ల కొద్దీ కంఠస్థం చేసి ఉంచుకొంటారు. మా వాళ్లకు ఆ రహస్యం తెలుసు. ఎదుటి జట్టుకు అంతకంటే బాగా తెలుసు. నాలుగో ఆవృత్తిలో మా జట్టు చేతులెత్తేసింది. అయినా పిల్లలు నవ్వుతూనే దిగివచ్చారు.

పద్యపఠన పోటీలో ఒక బాలిక చక్కని ఉచ్చారణతో ఘజల్ చదివి బహుమతి పొందింది. ఆమె కాగితం మా వరుస పక్కనే కుర్చీ మీద ఉంటే చూశాను. ఉర్దూ ఘజల్ మొత్తం తెలుగు లిపిలో రాసి ఉంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఈనాడు మన పిల్లల్లో ఎందరో ఉర్దూ మాట్లాడగలరు, వినగలరు, కాని ఆ లిపిని చదవలేరు. మా తరం దీనిని చూసి నిట్టూర్చడమే పనిగా పెట్టుకొంది. ఆ లిపి నేర్పే ఇళ్లు పెరగాలన్నది నా కోరిక కూడా. కాని ఆ పసిపిల్ల చేతిలోని తెలుగక్షరాలే ఆ ఘజల్‌ను వేదిక దాకా మోసుకొచ్చాయన్నది కూడా సత్యమే.

విరామ సమయంలో నిర్వాహకులలో ఒకరిని కలిసి, మా విద్యార్థి తెలుగు కవితకు మూడు నిమిషాలు ఇవ్వగలరా అని అడిగాను. ఆయన ఎంతో మర్యాదగా, "మౌలానా సాబ్, ఇది ఉర్దూ దినం కదా" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక భాష తన కోసం ఏడాదికి ఒక్క రోజు కేటాయించుకొన్నప్పుడు ఆ రోజునూ పంచమనడం న్యాయం కాకపోవచ్చు. పిల్లవాడు మాత్రం నోటుపుస్తకాన్ని సంచి అడుగున పెట్టేశాడు.

చివరన అతిథులకు శాలువాలు, జ్ఞాపికలు అందజేశారు. ఆ సందడి చూస్తుంటే ఇక్బాల్ జీవితంలోని ఒక ఘట్టం గుర్తుకొచ్చింది. ఆయన బ్రతికి ఉండగానే ఆయన పేరున 'యౌమే ఇక్బాల్' జరిపారు. ఆ సందర్భంగా హైదరాబాదు నుండి నిజాం తోషాఖానా తరఫున వెయ్యి రూపాయల చెక్కు అందింది. అప్పటికి హైదరాబాదు ప్రధానమంత్రి మరెవరో కాదు, 1910లో వెన్నెల రాత్రి ఆయనను సమాధుల వద్దకు తీసుకువెళ్లిన అక్బర్ హైదరీయే. తోషాఖానా ఆయన ఆధీనంలోనే ఉండేది. ఆ సొమ్ము గౌరవంగా గాక ఖైరాతుగా వచ్చినట్టు కవికి తోచింది. స్వీకరించలేదు. తన ఆత్మాభిమానం ఎందుకు అంగీకరించలేదో హైదరీ పేరనే ఒక చిన్న కవితలో చెప్పారు. 1938 ఏప్రిల్ 21న ఆయన పరమపదించిన తరువాత వెలువడిన 'అర్ముగానే హిజాజ్'లో ఆ కవిత ఉంది. అప్పటికి ఆయన దీర్ఘకాలంగా అనారోగ్యంతో ఉన్నారు, సంపన్నులేమీ కారు. ఈ కథను భోజనం దగ్గర పిల్లలకు చెప్పాను. ఒకడు, "వెయ్యి రూపాయలంటే ఆ రోజుల్లో ఎంత ఉస్తాద్?" అని అడిగాడు. వయసు అలాంటిది.

జొహ్ర్ నమాజు చేసుకొని సిటీ బస్సులో గోల్కొండ వైపు బయలుదేరాము. బస్సులో మా పెద్ద విద్యార్థి, చాలాసేపటి నుండి దాచుకొన్నట్టుగా ఒక ప్రశ్న అడిగాడు. సూరయె షుఅరా చివరి ఆయతులలో కవులను దారితప్పినవారు అనుసరిస్తారని హెచ్చరిక ఉంది కదా, మనం ఇంత దూరం కవిత్వం కోసం రావడం ఏమిటని. మంచి ప్రశ్న. మన ఇళ్లలో చాలామంది మనసులో ఉండేదే. ఆ ఆయతుల వెంటనే విశ్వసించి సత్కార్యాలు చేసేవారికి, అల్లాహ్‌ను అధికంగా స్మరించేవారికి మినహాయింపు ఉందన్న సంగతి చాలామందికి తెలుసు. హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కోసం మస్జిదె నబవీలో మింబర్ వేయించిన ఉదంతమూ తెలుసు. నేను అతనికి చెప్పింది సహీహ్ ముస్లింలోని మరో హదీసు. హజ్రత్ షరీద్ (రజి) ఒకనాడు దైవప్రవక్త (సల్లం) వెనుక వాహనంపై కూర్చొని ప్రయాణిస్తున్నారు. ఉమయ్యా బిన్ అబిస్సల్త్ కవిత్వం ఏమైనా గుర్తుందా అని ప్రవక్త (సల్లం) అడిగారు. ఉందని ఆయన ఒక పద్యం వినిపించారు. ప్రవక్త (సల్లం) ఇంకా కానివ్వమన్నారు. మరో పద్యం, మళ్లీ కానివ్వమన్నారు. అలా నూరు పద్యాలు విన్నారు. ఉమయ్యా తాయిఫ్ ప్రాంతపు కవి. ఇస్లాం స్వీకరించనివాడు. అతని పద్యాల్లో దేవుని ఏకత్వం, పరలోక చింతన ఉన్నాయి. చెప్పినవాడు ఎవరన్నదానికంటే చెప్పిన మాట ఏమిటన్నది చూసి, ప్రయాణంలో నూరు పద్యాలు ఓపికగా విన్న ప్రవక్త (సల్లం) సున్నతును గురించి మన ప్రసంగాలలో తక్కువగా వింటాము.

గోల్కొండ కోటకు సుమారు కిలోమీటరు దూరంలో ఉన్నాయి ఈ సమాధులు. స్థానికులు సాత్ గుంబద్ అంటారు. నిజానికి గుంబదాలు ఏడు మాత్రమే కాదు. సుల్తానులవే కాక రాణులవి, హకీములవి, సేనానులవి ఎన్నో ఉన్నాయి. స్నానం చేయించే హమామ్, మసీదులు, దిగుడు బావులు అన్నీ ఆ ప్రాంగణంలోనే. 2013 నుండి ఆగా ఖాన్ ట్రస్టువారు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి వీటిని పునరుద్ధరించారు. నా విద్యార్థి దశలో చూసినప్పుడు పిచ్చి మొక్కలు, పెచ్చులూడిన గోడలు కనిపించేవి. ఇప్పుడు సున్నపు గచ్చు మెరుస్తోంది, బడీ బావోలిలో మెట్లు శుభ్రంగా ఉన్నాయి.

లోనికి అడుగుపెట్టగానే పిల్లలకు రెండు మాటలు చెప్పాను. ఖబరస్తాన్‌లో ప్రవేశించినప్పుడు సలాం చేయడం సున్నత్. మృతుల కోసం అల్లాహ్‌ను వేడుకోవాలి, మృతులను వేడుకోరాదు. ఫోటోల కోసం నవ్వుతూ నిలబడే జనం చుట్టూ ఉన్నా, మనం వచ్చింది పరలోకాన్ని గుర్తు చేసుకోవడానికి.

హమదాన్ నుండి వచ్చి రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ సమాధి, అష్టకోణాకృతిలో ఉన్న జంషీద్ సమాధి చూసి, మహమ్మద్ కులీ కుతుబ్‌షా గుంబదం మెట్లెక్కాము. 1591లో హైదరాబాదు నగరానికి పునాది వేసినవాడు, దీవాన్ సమగ్రంగా లభిస్తున్న తొలి ఉర్దూ కవి ఈయనే. 1612లో మరణించాడు. ఆయన కవితలను తరువాత రాజ్యానికి వచ్చిన సోదరుని కుమారుడు, అల్లుడు అయిన మహమ్మద్ కుతుబ్‌షా ఒక్కచోట చేర్చాడు. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో వాటిని ముద్రింపజేశారు. రంజాన్, ఈద్, మీలాద్, వానకాలం, వసంతం, పండ్లు, కూరగాయలు అన్నీ ఆ రాజు కలానికి వస్తువులే. దక్కనీ పలుకుబడి మధ్య తెలుగు మాటలు వచ్చి కూర్చుంటాయి. మధువు, ప్రేయసుల వర్ణనలకూ కొదువ లేదు. వాటిని నేను తరగతిలో చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు. సూరయె షుఅరాలోని హెచ్చరిక ఏ కవిత్వానికి వర్తిస్తుందో తెలియాలంటే అటువంటివాటిని చూడాలి, మినహాయింపు ఏ కవిత్వానికో తెలియాలంటే ఇక్బాల్‌ను చదవాలి అని మాత్రం అన్నాను.

పైన కనిపించే నల్లరాతి సమాధి కేవలం గుర్తు. అసలు ఖబర్ కింద నేలమాళిగలో ఉంది. పిల్లలు ఆ విషయం విని కాసేపు మౌనంగా ఉండిపోయారు. అక్కడ, గుంబదం బయట అరుగు మీద కూర్చొని 'గోరిస్తానే షాహీ' చదివాను. పగలు కనుక ఇక్బాల్ చూసిన వెన్నెల లేదు. నవంబరు ఎండ, చిలుకల అరుపులు, దూరాన కోట గోడ. అర్థం వివరిస్తూ చదివితే గంట పట్టింది. రాజ్యాలు పోవడం గురించి, పోయినవారి కోసం కన్నీరు మిగలడం గురించి ఆయన చెప్పిన మాటలు ఆ రాళ్ల మధ్య వినడం వేరు. తరతరాల వైభవానికి చివరివాడైన అబుల్ హసన్ తానీషాకు ఇక్కడ ఆరడుగుల చోటు కూడా దక్కలేదు. 1687లో గోల్కొండ పతనమయ్యాక దౌలతాబాదు కోటలో బందీగా మరణించి, ఖుల్దాబాదులో ఖననమయ్యాడు.

మిగిలిన సమయం తక్కువ. ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి చూడకుండా వెళ్లడం నాకు ఇష్టం లేదు. 1580లో మరణించిన ఈ సుల్తాను సమాధిని ఒకప్పుడు రంగు పలకలు కప్పి ఉండేవి. దక్షిణపు గోడ మీద వాటి ఆనవాళ్లు అక్కడక్కడా కనిపిస్తాయి. సింహాసనం ఎక్కకముందు అన్నగారి భయంతో ఇబ్రహీం ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో తలదాచుకొన్నాడు. తెలుగు కవిత్వం రుచి అక్కడే మరిగాడంటారు. ఆశ్రయమిచ్చిన ఆ రామరాయల మీదికే 1565లో ఇతర సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లాడు. రాజుల చరిత్రలు అంతే. కాని ఆయన కొలువులో తెలుగు కవికి గౌరవం ఉండేది. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకు అంకితమిచ్చాడు. కవులు ఆయన పేరును తమ నోటికి అనువుగా మార్చుకొని 'మల్కిభరాముడు' అన్నారు. ఆయన ఉద్యోగి, పటాన్‌చెరువు ప్రాంతపు అమీన్‌ఖాన్, పొన్నెగంటి తెలగన రచించిన 'యయాతి చరిత్ర'ను అంకితం పుచ్చుకొన్నాడు. సంస్కృత పదాలు లేకుండా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం అది. తెలుగు ముస్లిముకు పరాయిదని అనుకొనేవారు, వారు ఇతరులైనా మనవారైనా, ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగాలి. ఇరవయ్యో శతాబ్దిలో ఉమర్ ఖయ్యాంను పారసీ నుండి తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పిఠాపురం ఉమర్ అలీషా (1885–1945) దాకా ఆ వరుస తెగలేదు.

ఇదంతా చెప్పి, ఆ పిల్లవాడి వైపు తిరిగి, "బేటా, నీ పుస్తకం తీయి" అన్నాను. అతడు కదలలేదు.

"ఇక్కడా ఉస్తాద్?"

"ఈ రాజుగారు తెలుగు కవిత్వం విన్నారు. ఇక్కడ ఎవరూ కాదనరు."

సంచి అడుగు నుండి నోటుపుస్తకం తీశాడు. మొదటి పాదాలు గొంతులోనే ఆగిపోయాయి. వచ్చేపోయే జనం, కావలివారి ఈలలు. తాత గడ్డం మీద దూది పింజలు వాలే చోటికి వచ్చేసరికి గొంతు తేటపడింది. బిస్మిల్లాహ్ అని నారి లాగే పాదం దగ్గర ఒక చిన్న విద్యార్థి గట్టిగా "సుబ్హానల్లాహ్" అన్నాడు. ఎండలో నిలబడి ఆడవారు ఇద్దరు, ఎవరో సందర్శకులు, చివరిదాకా విన్నారు. వారిలో పెద్దావిడ, "మా పుట్టింట్లో కూడా ఆ విల్లు ఉండేది బాబూ" అని చెప్పి వెళ్లిపోయింది. వెనుకటి తగాదాలో ఆ మాట అన్న విద్యార్థి కూడా మా మధ్యనే కూర్చొని ఉన్నాడు. తల వంచి చెప్పుల పట్టీ సరిచేసుకొంటూ ఉండిపోయాడు. నేను అతని వైపు చూడలేదు.

అస్ర్ వేళకు బయటపడి, నమాజు తరువాత స్టేషన్ చేరాము. ఇంటికి వెళ్లిపోతానన్న మాట ఆ పిల్లవాడు నాతో మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. రైలు కదిలాక పిల్లలు ఆ కవితను ఉర్దూలోకి మార్చే ప్రయత్నం మొదలుపెట్టారు. దూది ఏకడానికి 'ధున్‌నా' ఉందని ఒకరన్నారు. విల్లుకు 'కమాన్' సరిపోతుందా, అది యుద్ధపు విల్లు కాదా అని ఇంకొకరు. తల వంచుకొని కూర్చున్న విద్యార్థి అప్పుడు మొదటిసారి నోరు విప్పి, తాతగారి విల్లు ఎంత పొడవుండేదో, నారి దేనితో చేసేవారో అడిగాడు. నరాలతో పేనిన నారి అని ఈ పిల్లవాడు చేతులు చాపి చూపించాడు. అయితే 'కమాన్' కుదరదని అతడు, కుదురుతుందని ఇతడు. ఖాజీపేటలో టీ అమ్మేవారి కేకలు వినిపించేసరికి కూడా ఆ వాదం తెగలేదు.